చెప్పు చెప్పు అంటే ఏ పిల్లోడూ చెప్పడు

అమ్మాయీ,

ఉదయగిరి పక్కన అంగన్‌వాడీ సెంటర్ ఇచ్చారని మీ అమ్మ చెప్పింది, సంతోషం. పిలకాయలకి మాటలు సరిగ్గా వస్తున్నాయో లేదో ఎట్లా తెలుసుకోవాలి పెద్దమ్మా అని అడిగావు కదా. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నా.

ముందు ఒకటి గుర్తుపెట్టుకో. పిల్లోణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇదేంటి చెప్పు, అదేంటి చెప్పు అని పరీక్ష పెట్టొద్దు. నీ ముందు నోరు విప్పనివాడే ఇంటికెళ్లి వసపిట్టలా వాగుతుంటాడు. నీతో మాట్లాడక తప్పని పని ఏదైనా కల్పించు. డబ్బాలో నాలుగు బొరుగులు వేసి, మూత గట్టిగా బిగించి వాడి చేతికిచ్చి ఊరుకో. ఒకడు నేలకేసి కొడతాడు. ఒకడు తెచ్చి నీ ఒళ్లో పెట్టి, నీ మొహంలోకి చూసి "ఊ" అంటాడు. ఇంకొకడు "టీచర్, తియ్యి" అంటాడు. ఏడాదిన్నర వాడు ఒళ్లో పెట్టి కళ్లలోకి చూశాడంటే, మాట రాకపోయినా నాకు సగం టెన్షన్ తగ్గుతుంది. అదే నీ చెయ్యి లాగి మూత మీద పెట్టి, నీ మొహం వంక మాత్రం ఒక్కసారీ చూడడు, పిలిచినా పలకడు అనుకో, వాణ్ణి డాక్టరు చూడాల్సిందే.

పలికే మాటల కంటే ముందు అర్థమయ్యే మాటలు చూడు. రెండున్నరేళ్లు వచ్చినవాడు "గ్లాసు తీసుకొచ్చి ఆయమ్మకి ఇవ్వు" అంటే రెండు పనులూ చెయ్యగలగాలి. అయితే మనం చెప్పేటప్పుడు తెలియకుండానే గడ్డం అటు తిప్పుతాం, కళ్లతో చూపిస్తాం. పిల్లలు గట్టివాళ్లు, మాట పట్టకపోయినా చూపు పట్టుకుని పని చేసేస్తారు, తల్లేమో "వాడికన్నీ అర్థమవుతాయండీ, మాటే రాదు" అంటుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, వాడి మొహమే చూస్తూ చెప్పి చూడు, అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది.

ఇక లెక్కలు. ఏడాదికల్లా బబబ, దదద లాంటి శబ్దాలు రావాలి, వేలితో చూపడమో టాటా ఊపడమో ఉండాలి. 16 నెలలకి ఒక్క మాటన్నా, 2 ఏళ్లకి "పాలు కావాలి" లాగా రెండు మాటలు సొంతంగా కలపడం రావాలి, మనం అన్నది అప్పజెబితే లెక్కలోకి రాదు. 3 ఏళ్లవాడి మాట బయటివాళ్లకి ముప్పావు వంతు అర్థమైతే చాలు, రైలుని లైలు అంటే కంగారేం లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి 2 ఏళ్ల దాకా ఆ తక్కువైన నెలలు తీసేసి వయసు లెక్కెయ్యి. వచ్చిన మాటలు పోయాయంటే మాత్రం ఏ వయసులోనైనా ఆగొద్దు. తిరువనంతపురం చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ వాళ్ల లెస్ట్ పట్టిక, అంటే ఏ వయసుకి ఏ మాటలు రావాలో చూసుకునే పట్టిక, దొరికితే వాడుకో. ఏ పట్టికైనా ఎవర్ని పంపాలో చెబుతుందంతే, జబ్బు పేరు చెప్పదు.

మీ వైపు ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిలకాయలు వస్తారు. తెలుగులో 10 మాటలు, ఉర్దూలో 30 మాటలు ఉంటే వాడికి 40 మాటలు ఉన్నట్టు. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడమని ఆ తల్లికి చెప్పొద్దు, రెండు భాషల వల్ల మాటలు ఆగిపోవు.

మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకీ ముందు చెవులు చూపించాలి. పళ్లెం పడితే తిరిగి చూశాడు, చెవులు బాగానే ఉన్నాయి అంటారు. పెద్ద చప్పుడు అదురు వల్ల కూడా తెలుస్తుంది, కొన్ని శబ్దాలు విని కొన్ని వినని బిడ్డలూ ఉంటారు, వాళ్లకి స, ష లాంటి సన్నని శబ్దాలు అందవు. వెనక నుంచి మెల్లగా పిలిచి చూడు, అయినా నీ పిలుపు పరీక్ష కాదు, శబ్దం చెవి నుంచి మెదడు దాకా చేరుతుందో లేదో చూసే బేరా లాంటి పరీక్షలు ఆసుపత్రిలోనే చేస్తారు. మేనరికం పెళ్లా, పుట్టగానే కామెర్లు ముదిరి ఐసీయూలో ఉన్నాడా, చెవిలో చీము కారుతుందా, ఈ మూడూ అడగడం మానొద్దు.

ముసలమ్మలతో గొడవ నీకు ఎటూ తప్పదు. మేనమామకి కూడా నాలుగేళ్లకి గానీ మాటలు రాలేదంటారు, మగపిల్లలకి ఆలస్యమే అంటారు, వస కొమ్ము అరగదీసి పిల్లోడి నాలుక మీద రాస్తారు, నాలుక కింద నరం కోయించమంటారు. నాలుక అంటుకుని ఉంటే కొన్ని అక్షరాలు పలకడం కష్టం కావచ్చేమో గానీ, దానివల్ల మాటలే రాకుండా పోవు. వాళ్లతో వాదించకు, "సరే అవ్వా, చెవులు ఒకసారి చూపిద్దాం" అను, ఒప్పుకుంటారు.

ఆర్‌బీఎస్‌కే, అంటే పిల్లల్ని పరీక్షించే సర్కారు పథకం, డాక్టర్ల బృందం వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు, అనుమానం వస్తే ఏఎన్‌ఎంతో చెప్పి డీఈఐసీకి, అంటే ఇలాంటి పిల్లల్ని చూసే జిల్లా కేంద్రానికి, రాయించు. రిజిస్టర్‌లో మటుకు "మాటలు తక్కువ" అని ఊరికే రాసి పెట్టకు. వాడు అన్నది అన్నట్టే రాయి, "అమ్మ బువ్వ" అంటే "అమ్మ బువ్వ" అనే, పక్కన తేదీ వేసి, ఎప్పుడు ఏ పని మీద అన్నాడో కూడా. ఆ పేజీ ఫోటో తీసి తల్లి ఫోన్‌కి పంపు, డాక్టరు ముందు ఆమె అదే చూపిస్తుంది.