రిగ్లీ ఫీల్డ్‌లో ఆటకు అమ్మానాన్నలతో వెళ్లేటప్పుడు కారు ఎక్కడ వదిలిపెట్టాలి?

మీరు నేపర్‌విల్‌లో ఉంటున్నామని, ఆగస్టులో ఊరి నుంచి వస్తున్న అమ్మానాన్నలను షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ స్టేడియంలో కబ్స్ బేస్‌బాల్ జట్టు ఆటకు తీసుకువెళ్లాలనుకుంటున్నామని, నాన్నగారికి మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి స్టేడియం దగ్గరే కారు పెట్టుకోవడం మేలా, రైలులో వెళ్లడం మేలా అని అడిగారు. నేను పదకొండేళ్లుగా మీ పక్కనే, అరోరాలో ఉంటున్నాను. మా అమ్మానాన్నలతోనూ, అత్తయ్యగారు మామయ్యగార్లతోనూ రిగ్లీ ఫీల్డ్‌కు చాలాసార్లు వెళ్లాను. కారులో వెళ్లి రెండుసార్లు పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టిన తరువాతే ఈ మాట చెబుతున్నాను: కారును నేపర్‌విల్ స్టేషన్‌లో వదిలి రైలెక్కండి. మోకాళ్ల నొప్పులున్నవారికి కారే సుఖమని ఎవరికైనా మొదట తోస్తుంది, కానీ ఈ ఒక్క స్టేడియం విషయంలో వారు కారు వల్లనే ఎక్కువ నడవవలసి వస్తుంది, ఎక్కువసేపు నిలబడవలసి వస్తుంది.

కారణం ఆ స్టేడియం పుట్టిన కాలంలోనే ఉంది. రిగ్లీ ఫీల్డ్‌ను 1914లో, జనం ట్రామ్ బండ్లలోనూ రైళ్లలోనూ ఆటకు వచ్చే రోజుల్లో, ఇళ్ల మధ్య కట్టారు. నేటికీ దాని చుట్టూ ఎక్కువగా మూడంతస్తుల ఇళ్లు, సన్నని వీధులు, వాటి వెనుక సందులే ఉన్నాయి. లోపల నలభై ఒక్క వేల మందికి పైగా కూర్చుంటారు, బయట మాత్రం వారి కార్లకు తగిన స్థలం ఏ మూలా లేదు. అదే నగరంలో దక్షిణాన ఉన్న వైట్ సాక్స్ జట్టు స్టేడియం 1991లో, డాన్ రయన్ ఎక్స్‌ప్రెస్‌వే పక్కన, విశాలమైన పార్కింగ్ స్థలాలతో ప్రారంభమైంది. మీ స్నేహితులెవరైనా తాము కారులోనే హాయిగా వెళ్లి వచ్చామని చెబితే, వారు చూసింది ఏ జట్టు ఆటో కనుక్కోండి.

మొదటిసారి మా అమ్మానాన్నలను తీసుకువెళ్లింది ఒక రాత్రి ఆటకు. స్టేడియానికి నాలుగు వీధుల అవతల, చెట్ల నీడలో, ఒక కారుకు సరిగ్గా సరిపోయే ఖాళీ కనిపించగానే అదృష్టం అనుకున్నాను. స్తంభానికి ఒకదాని కింద ఒకటిగా రెండు బోర్డులున్నాయి. పైది వీధి ఊడ్చే రోజుల గురించి. దాన్ని శ్రద్ధగా చదివి, ఈరోజు కాదులే అని నిశ్చింతగా నడిచాను. కొమ్మలు సగం కప్పేసిన కింది బోర్డు, కబ్స్ రాత్రి ఆటలున్న రోజుల్లో సాయంత్రం నుంచి ఆ వీధివారి పర్మిట్ ఉన్న కార్లు తప్ప మరేవీ నిలపకూడదని, నిలిపితే లాగివేస్తారని చెబుతోంది. ఈ నియమం వెనుక కూడా చరిత్ర ఉంది. ఆ స్టేడియంలో 1988 ఆగస్టు 8 వరకు కబ్స్ ఆట ఒక్కటీ దీపాల వెలుగులో జరగలేదు. రాత్రి ఆటలు వస్తే తమ వీధుల గతి ఏమిటని అక్కడి కుటుంబాలు ఎన్నో ఏళ్లు పోరాడాయి, వారికిచ్చిన రక్షణల్లో ఈ పర్మిట్ ఒకటి. తప్పు పూర్తిగా నాదే. ఆట ముగిసి వచ్చేసరికి కారు ఉండవలసిన చోట వేరే కారు ఉంది. నాన్నగారు ఒక ఇంటి ముందు రాతి మెట్ల మీద మోకాలు పట్టుకుని కూర్చుంటే, ఆ ఇంటి పెద్దావిడ తలుపు తీసి మంచినీళ్లిచ్చి, నగర సహాయ నంబరు 311కు ఫోన్ చేసి కారు నంబరు చెబితే ఎక్కడికి తీసుకువెళ్లారో చెబుతారని దారి చూపింది. టాక్సీలో వెళ్లి, జరిమానా, లాగిన రుసుము కట్టి, కారు తెచ్చుకుని ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. అంత రాత్రివేళ నాన్నగారు నన్ను ఒక్క మాట కూడా అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

మరుసటి ఏడాది మామయ్యగారితో వెళ్లినప్పుడు, వీధి జోలికి పోకుండా, ఒక సందులో నారింజ రంగు జెండా ఊపుతున్న కుర్రాడికి డబ్బు కట్టి ఇంటి పెరటి స్థలంలో కారు పెట్టాను. కారును కారుకు ఆనించినట్టు, ముందు ఒక వరుస, వెనుక రెండు వరుసలు నింపారు. ఆట చివరి దశలో మామయ్యగారు అలసిపోయి వెళ్దామన్నారు, వెళ్లాం. కానీ మా వెనుక ఉన్న రెండు కార్లవారు లోపల ఆట చూస్తున్నారు. ఎవరి కారు ఎప్పుడు కదులుతుందో తెలియక గంటకు పైగా ఆ సందులో నిలబడ్డాం. ఇలాంటి ప్రైవేటు స్థలాల్లో ‘ఈజీ అవుట్’ అన్న మాట ఉంటేనే మన కారుకు అడ్డంగా మరొకటి పెట్టరని అర్థం. స్పాట్‌హీరో వంటి యాప్‌లో ముందుగా బుక్ చేసినా సరే, ఎప్పుడంటే అప్పుడు కారు తీసుకోవచ్చని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడకుండా డబ్బు కట్టకండి.

ఇప్పుడు రైలు దారి చెబుతాను. నేపర్‌విల్‌లో మెట్రా అనే శివారు రైళ్లలో బీఎన్ఎస్ఎఫ్ లైన్ రైలెక్కితే యూనియన్ స్టేషన్‌లో దిగుతారు. అక్కడి నుంచి స్టేడియం పక్కగా వెళ్లే రెడ్ లైన్ నగర రైలు ఎక్కడానికి స్టేట్ స్ట్రీట్ దాకా నడవమని చాలామంది చెబుతారు, అది పెద్దవాళ్లకు పావుగంట నడక. నేను అలా చేయను. నది దాటి వెల్స్ స్ట్రీట్ మీద ఉన్న క్విన్సీ స్టేషన్‌కు వెళతాను, అది అందులో సగం దూరమే, లిఫ్టు కూడా ఉంది. అక్కడ బ్రౌన్ లైన్ ఎక్కితే రైలు మొదట లూప్ చుట్టూ, అంటే నగరం నడిబొడ్డున ఎత్తైన పట్టాల వలయం చుట్టూ, తిరిగి తరువాత ఉత్తరానికి మళ్లుతుంది. దానివల్ల కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది, కానీ కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, ఆకాశహర్మ్యాల మధ్య రెండో అంతస్తు ఎత్తులో సాగే ఆ చుట్టు మా అమ్మకు ఆటకన్నా ఎక్కువ నచ్చింది. బెల్మాంట్‌లో దిగి, అదే ప్లాట్‌ఫారం అవతలి అంచుకు వచ్చే రెడ్ లైన్ ఎక్కితే తరువాతి స్టేషనే అడిసన్. మెట్లు ఎక్కే దిగే పని లేదు. అడిసన్‌లోనూ లిఫ్టు ఉంది, దిగగానే ఎదురుగా స్టేడియం కనిపిస్తుంది. ఉప్పల్‌లో ఐపీఎల్ ఆట రోజున మెట్రో దిగి గేటు దాకా నడిచినవారికి ఇది ఏమాత్రం కష్టమనిపించదు.

అసలు జాగ్రత్త తిరుగు ప్రయాణంలో అవసరం. ఆట ముగియగానే వేలమంది ఒక్కసారిగా అడిసన్ స్టేషన్ మీద పడతారు, మెట్ల కింద రోడ్డు దాకా వరుస నిలుస్తుంది. మోకాళ్లు నొప్పిగా ఉన్నవారిని ఆ తోపులాటలో నిలబెట్టవద్దు. ఆట తరువాత ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు మీ సీట్లలోనే నింపాదిగా కూర్చోండి. స్టేడియం ఖాళీ అవుతుంటే చూడటం కూడా బాగుంటుంది. తరువాత అడిసన్‌లో రెడ్ లైన్ ఎక్కి, ఒక్క స్టేషన్ దాటి, బెల్మాంట్‌లో బ్రౌన్ లైన్‌కు మారండి. నగరం వైపు వెళ్లేటప్పుడు బ్రౌన్ లైన్ వెల్స్ స్ట్రీట్ మీదుగానే లూప్‌లోకి ప్రవేశిస్తుంది కాబట్టి ఈసారి చుట్టు తిరగకుండా నేరుగా క్విన్సీకి చేరుస్తుంది. నడవగలిగినవారు బెల్మాంట్ దాకా అర మైలు నడిచినా సరే, ఆ రద్దీ తప్పుతుంది.

అడిసన్ అన్న పేరు విషయంలో ఒక హెచ్చరిక. ఆ వీధి నగరానికి అడ్డంగా సాగుతుంది కనుక రెడ్, బ్రౌన్, బ్లూ లైన్లు మూడింటిలోనూ అడిసన్ అనే స్టేషన్ ఉంది. మా తోడల్లుడు ఓహేర్ విమానాశ్రయం నుంచి నేరుగా ఆటకు వస్తూ బ్లూ లైన్ అడిసన్‌లో దిగి, కెన్నెడీ ఎక్స్‌ప్రెస్‌వే మధ్యలో సూట్‌కేసుతో నిలబడి, స్టేడియం ఎటువైపని నాకు ఫోన్ చేశాడు. అది అక్కడికి మూడు మైళ్లకు పైనే. అడిసన్ వీధి మీద తిరిగే 152 నంబరు బస్సు ఎక్కి తూర్పుకు రమ్మన్నాను, ఆట మొదలయ్యాక చేరాడు. మీ బంధువులెవరైనా విడిగా వస్తుంటే స్టేషన్ పేరుతో పాటు లైన్ రంగు కూడా చెప్పండి.

ఎంత చెప్పినా నాన్నగారి ఆరోగ్యరీత్యా కారు తప్పదనుకుంటే, స్టేడియం వైపు పోకుండా, దానికి సుమారు రెండు మైళ్ల పడమరన, 3900 నార్త్ రాక్‌వెల్ స్ట్రీట్ వద్ద కబ్స్ జట్టువారు నడుపుతున్న పార్కింగ్ స్థలానికి వెళ్లండి. అక్కడ కారు వదిలితే షటిల్ బస్సులో స్టేడియానికి తీసుకువెళతారు. అది అన్ని ఆటలకూ ఉండదు, ముఖ్యంగా వారం మధ్య పగటి ఆటలకు. అందుకే మీ తేదీకి ఉందో లేదో జట్టు వెబ్‌సైట్‌లో చూసుకోండి. మేము ఒక శనివారం అత్తయ్యగారితో అలా వెళ్లాం, బాగానే జరిగింది. తిరుగు షటిల్ ఆట తరువాత ఎక్కువసేపు ఆగదు కాబట్టి తినుబండారాల కోసం ఆలస్యం చేయవద్దు. నాన్నగారిని గేటు దగ్గర దింపి వస్తాననుకోవద్దు, ఆట వేళ క్లార్క్, అడిసన్ వీధుల్లో పోలీసులు కార్లను మళ్లిస్తుంటారు.

తేదీ ఇంకా నిర్ణయించుకోకపోతే మధ్యాహ్నం 1:20కి మొదలయ్యే శుక్రవారం ఆట చూడండి. 2023లో పిచ్ క్లాక్, అంటే బంతి విసరడానికి సమయ పరిమితి, వచ్చాక ఆటలు చాలావరకు మూడు గంటలలోపే ముగుస్తున్నాయి. మీరు యూనియన్ స్టేషన్‌కు చేరే సాయంత్రం వేళకు ఎక్స్‌ప్రెస్‌వే నిండా కార్లు ఆగి ఉంటాయి, కానీ ఉద్యోగుల కోసం నడిపే నేపర్‌విల్ రైళ్లు వెంటవెంటనే దొరుకుతాయి. రాత్రి ఆటకైతే ఆ సౌకర్యం లేదు, పొద్దుపోయాక మెట్రా రైళ్ల మధ్య చాలా ఎడం ఉంటుంది. ఆగస్టులో ఉరుములతో వాన వచ్చి ఆట గంట, రెండు గంటలు ఆగడం కూడా మామూలే. అందుకని చివరి రైలు వేళనే కాకుండా దానికి ముందు రైలు వేళను కూడా కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి; ఆ ముందు రైలుకు గంటంబావు సమయం మిగిలి ఉన్నప్పుడు, ఆట ఏ దశలో ఉన్నా, నాన్నగారిని లేపి బయలుదేరండి.