పెయిడ్ టూల్‌తో రాసిన గైడ్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఉండవచ్చా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. నలుగురు స్నేహితులం కలిసి ఒక పైథాన్ లైబ్రరీని జీపీఎల్ 3 లైసెన్స్‌తో గిట్‌హబ్‌లో పెట్టాం. యూజర్ గైడ్ నేనే రాశాను. కాలేజీ ఇచ్చిన స్టూడెంట్ లైసెన్స్‌తో ఒక పెయిడ్ ఆథరింగ్ టూల్ వాడి, హెచ్‌టీఎంఎల్, పీడీఎఫ్ ఎగుమతి చేసి రిపోలో పెట్టాను. ఇది ఓపెన్ సోర్స్ కాదంటూ ఒకరు ఇష్యూ తెరిచారు. తప్పు చేశానా? టెక్నికల్ రైటర్ ఉద్యోగాలకు ఈ పనిని రెజ్యూమెలో చూపించవచ్చా?

జవాబు: టూల్ డబ్బు పెట్టి కొనేదైనంత మాత్రాన దాంతో రాసిన గైడ్ మీది కాకుండా పోదు. మీరు రాసిన వాక్యాల మీద కాపీరైట్ మీదే. ఇష్యూ పెట్టినవారు లేవనెత్తింది వేరే సంగతి. గైడ్‌లో తప్పు కనిపిస్తే, ఆ టూల్ కొనకుండా ఇంకొకరు సరిదిద్ది మళ్లీ బిల్డ్ చేయగలరా, అంటే హెచ్‌టీఎంఎల్, పీడీఎఫ్ తయారుచేయగలరా? ప్రస్తుతం చేయలేరు. మీరు సరిచేయాల్సింది అదే.

జీపీఎల్ అంటే, ఎవరైనా వాడుకుని, మార్చి, అవే షరతులతో పంచుకోనిచ్చే లైసెన్స్. అందులో సోర్స్ అంటే, మార్పులు చేయడానికి అనువైన రూపం. పీడీఎఫ్ ఆ కోవలోకి రాదు. మీరు రాసిన వాక్యాలకు కాపీరైట్ యజమాని మీరే కాబట్టి వాటి విషయంలో మీ మీద ఎవరూ ఉల్లంఘన కేసు పెట్టరు. చిక్కు మీ లైబ్రరీని తీసుకుని పంచేవాళ్లకు. గైడ్ కూడా జీపీఎల్ కిందే ఉందంటే, దాని సోర్స్ అందించే బాధ్యత వాళ్లది. ఆ సోర్స్ మీ ల్యాప్‌టాప్‌లోని ప్రాజెక్ట్ ఫైల్‌లో ఉండిపోయింది. డెబియన్ అనే లైనక్స్ పంపిణీ అయితే ఇంకా కచ్చితంగా ఉంటుంది. పూర్తిగా ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉండే దాని మెయిన్ విభాగంలోని ప్యాకేజీ మొత్తం, మెయిన్‌లో ఉన్న టూల్స్‌తోనే బిల్డ్ కావాలి.

హెచ్‌టీఎంఎల్‌లో ఇంకో ప్రమాదం ఉంది, చాలామంది చూడనిది. ఎగుమతి చేసిన ఫోల్డర్‌లో మీ వాక్యాలతో పాటు సెర్చ్ బాక్స్ నడిపే జావాస్క్రిప్ట్, స్కిన్, ఐకాన్లు, ఫాంట్లు కూడా వస్తాయి. అవి టూల్ కంపెనీవి కావచ్చు. వెబ్‌సైట్‌లో పెట్టుకోవడానికి అనుమతి ఉన్నా, జీపీఎల్ కింద ఇతరులకు ఇచ్చే హక్కు మీకు ఉండకపోవచ్చు. రిపో మొదట్లో ఒకే లైసెన్స్ ఫైల్ పెడితే, లేని హక్కును ఇచ్చినట్టే. అందుకే కోడ్ నుంచి డాక్యుమెంటేషన్ తయారుచేసే డాక్సిజన్ తన అవుట్‌పుట్‌కు తన జీపీఎల్ వర్తించదని విడిగా రాసుకుంది. పార్సర్లను (టెక్స్ట్ నిర్మాణాన్ని విడమరిచే ప్రోగ్రాములను) తయారుచేసే బైసన్ అనే టూల్ తన పార్సర్ కోడ్‌నే అవుట్‌పుట్‌లోకి కాపీ చేస్తుంది కాబట్టి దానికి ప్రత్యేక మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. మీ టూల్ ఒప్పందంలో మూడు విషయాలు వెతకండి: అవుట్‌పుట్ మీద హక్కులు ఎవరివి, ఏ ఫైళ్లను తిరిగి పంచవచ్చు, స్టూడెంట్ లైసెన్స్ చదువుకు మాత్రమేనా. మూడోది స్పష్టంగా లేకపోతే కాలేజీ ల్యాబ్ ఇన్‌ఛార్జిని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ఉచితంగా దొరుకుతోంది కదా అని పెయిడ్ టూల్ మీద ఆధారపడితే ఏమవుతుందో లైనక్స్ కెర్నెల్ చూసింది. 2002 నుంచి కోడ్ నిర్వహణకు బిట్‌కీపర్ అనే పెయిడ్ టూల్‌ను ఉచిత లైసెన్స్ మీద వాడారు. 2005లో కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఏప్రిల్‌లోనే గిట్ రాయడం మొదలుపెట్టాడు. ఆ స్థాయి మనుషులు ఉన్నారు కాబట్టి వాళ్లు గట్టెక్కారు; నలుగురు విద్యార్థుల ప్రాజెక్టు అలాంటి దెబ్బకు ఆగిపోతుంది.

ఇప్పుడు మార్పిడి సంగతి. హెచ్‌టీఎంఎల్‌ను పాండాక్ అనే ఫార్మాట్ మార్పిడి టూల్‌తో మార్క్‌డౌన్‌లోకి గానీ రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్‌లోకి గానీ (రెండూ మామూలు టెక్స్ట్‌గా రాసే ఫార్మాట్లే) మార్చి, గైడ్‌ను బిల్డ్ చేసే స్ఫింక్స్ లేదా ఎంకేడాక్స్‌లో పెట్టండి. ఈ రెండు టూల్స్ బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌వి. మీది పైథాన్ కాబట్టి స్ఫింక్స్ మేలు, కోడ్‌లోని డాక్‌స్ట్రింగ్‌లను (ఫంక్షన్లలోనే రాసే వివరణలను) నేరుగా తీసుకుంటుంది. ఒకేసారి మొత్తం మార్చకండి, ముందు ఒక అధ్యాయం మార్చి చూడండి. గడులు కలిపిన పట్టికలు మార్క్‌డౌన్‌లో పట్టవు, వాటిని విడగొట్టి మళ్లీ రాయాలి. అధ్యాయాల మధ్య లింకులు తెగుతాయి. వేరియబుళ్లు, షరతులతో కనిపించే పేరాలు ఎగుమతిలోనే మామూలు టెక్స్ట్‌గా మారిపోతాయి కాబట్టి వాటి జాబితా పాత టూల్‌లోంచి ముందే రాసుకోండి. లైసెన్స్ గడువు ముగిశాక ఆ ప్రాజెక్ట్ టూల్‌లో తెరుచుకోకపోవచ్చు. చివర్లో, బిల్డ్‌ను దానంతటదే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఖాళీ ఉబుంటు మీద, హెచ్చరికలను లోపాలుగా పరిగణించే స్ఫింక్స్ డబ్ల్యూ ఆప్షన్‌తో (-W) బిల్డ్ చేయించండి. అది పాసైతే ఇష్యూ మూసేయవచ్చు.

తెలుగులో కూడా గైడ్ పెట్టే ఆలోచన ఉంటే, అను స్క్రిప్ట్ ఫాంట్లలో టైపు చేయకండి. ఫాంట్ల లైసెన్స్ ఒక సమస్య, యూనికోడ్ కాకపోవడంతో సెర్చ్ పనిచేయకపోవడం ఇంకో సమస్య. మండలి, ఎన్‌టీఆర్, నోటో సాన్స్ తెలుగు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. పీడీఎఫ్ కోసం స్ఫింక్స్ మామూలుగా వాడే పీడీఎఫ్‌లేటెక్ (pdfLaTeX) అనే ఇంజిన్‌లో తెలుగు రాదు. సెట్టింగ్స్‌లో లేటెక్ ఇంజిన్‌ను జీలేటెక్‌గా (XeLaTeX) మార్చి ఫాంట్ పేరు ఇవ్వాలి.

గైడ్‌కు లైసెన్స్ విడిగా చెప్పండి. గైడ్‌లోని రాతకు, పేరు చెప్తే చాలు ఎవరైనా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ బై 4.0 సరిపోతుంది, వాణిజ్య వాడకాన్ని నిషేధించే ఎన్‌సీ రకం వద్దు, అది ఓపెన్ కాదు. గైడ్‌లోని కోడ్ నమూనాలను మాత్రం జీపీఎల్ కిందో, ఇంకా వదులుగా ఉండే లైసెన్స్ కిందో ఉంచండి. వాటిని జనం తమ ప్రోగ్రాముల్లోకి కాపీ చేసుకుంటారు, క్రియేటివ్ కామన్స్ సంస్థ కూడా తన లైసెన్సులను సాఫ్ట్‌వేర్‌కు సిఫార్సు చేయదు. ప్రతి ఫైల్ పైన, ఆ ఫైల్ ఏ లైసెన్స్ కింద ఉందో చెప్పే ఎస్‌పీడీఎక్స్ (SPDX) గుర్తింపు పంక్తి పెట్టి, వాటిని సరిచూసే రీయూజ్ (REUSE) టూల్‌తో తనిఖీ చేయండి. గైడ్‌లో స్నేహితులు రాసిన భాగాలుంటే లైసెన్స్ మార్చేముందు వాళ్ల అంగీకారం కామెంట్ రూపంలోనైనా తీసుకోండి.

రెజ్యూమె విషయానికొస్తే, తప్పకుండా చూపించండి. పాత పీడీఎఫ్ లింకు ఒక్కటే ఇవ్వకుండా, ఈ మార్పిడి చేసిన పుల్ రిక్వెస్ట్ (గిట్‌హబ్‌లో మార్పులను కలపమని పెట్టే అభ్యర్థన) లింకు ఇవ్వండి. టూల్ మార్చడానికి కారణాన్ని నాలుగు వాక్యాల్లో చెప్పగల ఫ్రెషర్‌కు టెక్నికల్ రైటింగ్‌తో పాటు ఓపెన్ సోర్స్ కంప్లయన్స్ (లైసెన్స్ షరతులు పాటిస్తున్నారో లేదో చూసే) పనులు కూడా అందుబాటులోకి వస్తాయి. పెయిడ్ టూల్ నేర్చుకున్నది వృథా కాదు. పెద్ద కంపెనీల డాక్యుమెంటేషన్ బృందాలు ఫ్రేమ్‌మేకర్, ఫ్లేర్, ఆక్సిజన్ లాంటివి వాడుతూనే ఉన్నాయి, ఆ పేరు కూడా రాయండి. దానికి తోడు డీటా (DITA) అనే, డాక్యుమెంటేషన్‌ను చిన్న అంశాలుగా విడగొట్టి ఎక్స్‌ఎంఎల్‌లో రాసే పద్ధతి నేర్చుకోండి. అది ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ నిర్వహించే ప్రమాణం, డీటా ఓపెన్ టూల్‌కిట్ అపాచీ లైసెన్స్ కింద ఉచితం, ఇంట్లోనే సాధన చేయవచ్చు. కానీ స్టూడెంట్ లైసెన్స్ ఉన్న టూల్‌తో ఫ్రీలాన్స్ పని మాత్రం ఒప్పుకోకండి.

ఉద్యోగంలో చేరాక నియమం మారుతుంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసిన దానికి మొదటి యజమాని కంపెనీయే. ఇంటర్న్‌షిప్ ఒప్పందాల్లో కూడా ఇలాంటి షరతు పెడుతుంటారు. కాబట్టి ఆఫర్ లెటర్ మీద సంతకం చేసేముందే ఈ లైబ్రరీ పేరును మీ పాత పనిగా రాయించండి, ఖాళీ సమయంలో దాని మీద పనిచేయడానికి హెచ్‌ఆర్ నుంచి ఈమెయిల్ అనుమతి తీసుకోండి.