వంగి లేచిన వెంటనే మూట ఎత్తకు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

వేరుశనగ పీకడం మొదలైందనీ, సాయంత్రానికి నీ నడుము పట్టేస్తోందనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. బెల్టు కొనుక్కోవాలా అని అడిగావట. నేను అనంతపురంలో ఫిజియోథెరపీ చేసినన్నాళ్లూ కళ్యాణదుర్గం వైపు రైతులు చాలామంది వచ్చేవారు. "మూట ఎత్తాను, పట్టేసింది" అనేవారు. అంతకుముందు ఏం చేశారని అడిగితే, పొద్దున్నుంచి వంగి చెట్లు పీకామనేవారు. తప్పంతా మూటదే అనుకోకు.

నడుమును పూర్తిగా వంచినప్పుడు వీపు కండరాలు దాదాపు పని మానేస్తాయి. అప్పుడు పైశరీరం బరువును ఆపేవి పూసలను వెనక నుంచి కలిపి ఉంచే లిగమెంట్లు, పూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు, నడుమంతా పరుచుకుని ఉన్న ఫేషియా అనే గట్టి పొర. లిగమెంటును చాలాసేపు లాగి ఉంచితే మెల్లగా సాగుతుంది, వదిలినా వెంటనే మునుపటిలా బిగుసుకోదు. నవారు మంచం కుంగినట్టే. 20 నిమిషాలు బాగా వంగి కూర్చున్నవారిని పరీక్షిస్తే, లేచిన 2 నిమిషాలకు సగం వదులే తగ్గింది. అరగంట గడిచినా కొంత మిగిలే ఉంది. పూస ఎంత కదిలిందో కండరాలకు కబురు పంపే నరాల కొసలు కూడా ఆ లిగమెంట్లలోనే ఉన్నాయి. అవి సాగి ఉన్నప్పుడు ఆ కబురు సరిగా అందదు. సరిగ్గా ఆ సమయంలోనే నువ్వు మూటకు చెయ్యి వేస్తున్నావు.

కాబట్టి పది పదిహేను నిమిషాలకోసారి లేచి నిలబడు. రెండు చేతులూ నడుము మీద ఆనించి కొద్దిగా వెనక్కి వాలి, నాలుగడుగులు నడువు. మూటలు మోసే పనిని పీకడం ముగిసిన వెంటనే పెట్టుకోకు. మధ్యలో అరగంటైనా నిలబడి చేసే పనేదైనా చూసుకో. ఎత్తేటప్పుడు మూటను ఒంటికి దగ్గరగా పట్టుకుని, పొట్ట కాస్త బిగించి, మోకాళ్లు వంచి పిరుదుల బలంతో లే. పొట్ట కండరాలనూ పిరుదుల కండరాలనూ నడుముతో కలిపేది ఆ ఫేషియానే.

ఇంకొకటి. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే లేచిన మొదటి గంటలో వంగితే డిస్కుల మీదా లిగమెంట్ల మీదా ఒత్తిడి మరీ ఎక్కువ. ఆ గంటలో వంగనక్కర్లేని పనులు చూసుకుని, తర్వాత చేనులో వంగు.

బెల్టు సాగిన లిగమెంటును బిగించలేదు. డబ్బు దండగ చేసుకోకు. లిగమెంట్లకు రక్తప్రసరణ తక్కువ, దెబ్బ తింటే మానడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కాలు తిమ్మిరెక్కినా, పాదంలో పట్టు తగ్గినా డాక్టరుకు చూపించు. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా ఒక్క పూట కూడా ఆగకుండా అనంతపురం పెద్దాసుపత్రికి బయలుదేరు.

కూలికి వచ్చే ఆడవాళ్లకూ ఇదంతా చెప్పు. వాళ్లు సాలు చివర కాసేపు నిలబడితే పని ఎగ్గొడుతున్నారని అనుకోకు అల్లుడూ, నువ్వే ముందు లేచి నిలబడు.

ఇట్లు,
మీ మామ