పుంజమా, ధారా?

సందేహం: కణత్వరణ యంత్రాల్లో అతి బలహీనమైన విద్యుత్ప్రవాహాన్ని కొలిచే పరికరం గురించి రాస్తూ "కణపుంజ ప్రవాహాన్ని కొలిచే అతివాహకతా సంవేదకం" అన్నాను. ఈ ప్రయోగం సాధువేనా?
– ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు

సమాధానం: విద్యుత్తును నిరోధమే లేకుండా పోనిచ్చే గుణం అతివాహకత, ఆ గుణమున్న పదార్థం అతివాహకం. "అతివాహకతా సంవేదకం" అంటే అతివాహకతను పసిగట్టేదన్న అర్థం వస్తుంది గనుక "అతివాహక" అంటే చాలు. సంవేదకం కన్నా అందరి నోటా నలిగిన సెన్సార్ నయం.

నాకు అసలు పేచీ ఇంగ్లీషు "బీమ్"కు బదులుగా వాడే "పుంజం"తోనే. "స్యాన్నికాయః పుంజరాశీ తూత్కరః" అన్న అమరకోశకర్త అమరసింహుడికి పుంజమంటే రాశి, కుప్ప. కిరణపుంజమన్నప్పుడు కిరణాల రాశి అని సరిపెట్టుకోవచ్చు. కిరణాలు పోయి కణాలు వచ్చినా మన పాఠ్యపుస్తకాలు ఆ మాటను వదలలేదు. ఈ మధ్య "పుంజధార" అని కూడా రాస్తున్నారు. కుప్ప ఎక్కడైనా ధారగా కారుతుందా?

ధార ఎంత చక్కని మాట! పరుగును తెలిపే ధావ్ ధాతువుతో దీన్ని ముడిపెట్టినవారున్నారు. గుర్రపు నడకలు ఐదింటినీ అమరకోశం "పంచ ధారాః" అన్నది కాబట్టి నాకూ ఆ వైపే మొగ్గు. ధ్యానం ఎలా ఉండాలో చెప్పడానికి రామానుజులు ఎంచుకున్న ఉపమానం తైలధార; నూనె వంపితే నీటిలా చిట్లదు, తెగదు. పద్యం తడబడకుండా సాగితే ధారాశుద్ధి అంటాం. కత్తి అంచుకూ ధారే పేరు, దానితో ఇక్కడ పని లేదు.

మీ పరికరం కొలిచేదీ అటువంటి తెంపులేని ధారనే. కణాలు గుంపులు గుంపులుగా వస్తే మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఆ హెచ్చుతగ్గులను పట్టుకుంటుంది. నిలకడ ధారకు వేరే సాధనాలున్నా అవి మైక్రోఆంపియర్ (ఆంపియర్‌లో పది లక్షలో వంతు) దరిదాపుల్లో చతికిలబడతాయి. అందులోనూ వెయ్యో వంతైన నానోఆంపియర్ ధారల కోసం జర్మనీలోని జి.ఎస్.ఐ. పరిశోధన కేంద్రంలో 1990లలో ఈ పరికరాన్ని వాడారు. తరువాత జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో ఆంటీప్రోటాన్లకూ (ప్రోటాన్ల ప్రతికణాలకూ) వాడారు. ద్రవ హీలియంతో 4.2 కెల్విన్ (సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్) వరకు చల్లబరచిన అతివాహక గొట్టం మధ్యగా కణధార దేన్నీ తాకకుండా పోతుంది. అది నడిమికి కాస్త పక్కగా పోయినా, గొట్టం లోపలి ముఖాన సరిగ్గా అంతే ప్రవాహం ఎదురు దిశలో పుడుతుంది. దాని అయస్కాంత క్షేత్రాన్ని స్క్విడ్ అనే అతి సున్నితమైన అయస్కాంత మాపకం చదువుతుంది. ఒక నానోఆంపియర్ అంటే సెకనుకు సుమారు 624 కోట్ల ప్రోటాన్లు. వినడానికి పెద్ద సంఖ్యే గాని, 10 సెంటీమీటర్ల దూరాన ఆ ధార క్షేత్రం 2 ఫెమ్టోటెస్లాలు, అంటే భూమి క్షేత్రంలో రమారమి 2,500 కోట్లలో ఒక వంతు!

కనుక "కణధారలోని విద్యుత్ప్రవాహాన్ని కొలిచే అతివాహక సెన్సార్" అనండి. పుంజాన్ని పూర్తిగా వెలివేయమనను, వాడుకలో పాతుకుపోయింది. కణాలు గుంపులుగా పరుగెత్తే చోట ఆ ఒక్కొక్క గుంపును పుంజమంటే అమరసింహుడూ కాదనడేమో.