లైసెన్స్ సస్పెండైన మేనల్లుడికి

చిన్నా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో కంగారు పడిపోతుంటే సగమే చెప్పగలిగాను. మిగతాది రాస్తున్నా, నిదానంగా చదువుకో. మా అక్కకి నేనేమీ చెప్పలేదు. విజయవాడలో కూర్చుని మొక్కులు మొక్కుకోవడం తప్ప తనేం చేస్తుంది పాపం.

కారు ఇన్సూరెన్స్ లేకుండా రెండోసారి దొరికి శిక్ష పడితే టెక్సస్‌లో లైసెన్స్ సస్పెండ్ చేస్తారు. నాకూ సరిగ్గా ఇదే జరిగింది. చదువుకునే రోజుల్లో ఒక టికెట్ పడింది. ఆ తర్వాత మీ తాతయ్య సంవత్సరీకాలకి ఇండియా వెళ్లినప్పుడు ఆటోపేలో ఉన్న కార్డు గడువు అయిపోయింది. కంపెనీ వాళ్ల ఉత్తరాలేమో పాత అపార్ట్‌మెంట్‌కి పోయాయి. తిరిగొచ్చిన వారానికి రెండో టికెట్. ఆఫీసులో ఎవరికీ చెప్పుకోలేక, రోజూ ఒకరిని లిఫ్ట్ అడుగుతూ నెలన్నర గడిపాను.

ఇప్పుడు నీకు కావలసింది ఎస్ఆర్-22. పేరు చూసి అదేదో వేరే పాలసీ అనుకోకు. నీకు ఇన్సూరెన్స్ ఉందని కంపెనీ డీపీఎస్‌కి, అంటే ఇక్కడ లైసెన్సులు చూసే ప్రభుత్వ శాఖకి, పంపే సర్టిఫికెట్, అంతే. పంపినందుకు తీసుకునే ఫీజు చిన్నదే, పాతిక డాలర్లు అటూ ఇటూ. జేబుకి చిల్లు పడేది ప్రీమియంలో. పాలసీ కనీసం 30/60/25 ఉండాలి. అంటే ఒక మనిషి గాయాలకి 30 వేలు, ప్రమాదం మొత్తం మీద గాయాలకి 60 వేలు, అవతలివాళ్ల ఆస్తి నష్టానికి 25 వేల డాలర్లు. నీ కారు లోన్ మీద ఉంది కాబట్టి నీకది చాలదు. నీ సొంత కారు నష్టానికీ వర్తించే ఫుల్ కవరేజ్ ఉంచాలి, తీసేస్తే బ్యాంకు వాళ్లే ఏదో ఖరీదైన పాలసీ పెట్టి నీకు బిల్లు వేస్తారు.

ముందు ఇప్పుడున్న కంపెనీని అడుగు. వాళ్లు కుదరదంటే నాలుగైదు కంపెనీలతో పనిచేసే ఇండిపెండెంట్ ఏజెంట్ దగ్గరికి వెళ్లు. ధరలు నమ్మలేనంత తేడాగా ఉంటాయి, మొదట చెప్పినదానికి తలూపకు. అందరూ కాదంటే టైపా అని ఒక ఇన్సూరెన్స్ ఏర్పాటు ఉంది, రెండు కంపెనీలు తిరస్కరించినవాళ్లకి దాని ద్వారా పాలసీ దొరుకుతుంది. అది ఆఖరి దారి. ఎవరి దగ్గరా సస్పెన్షన్ సంగతి దాచకు. వాళ్లు నీ డ్రైవింగ్ రికార్డు తీసి చూస్తారు. అబద్ధం చెప్పి తీసుకున్న పాలసీ క్లెయిమ్ రోజున చేతికి రాదు.

కారు అమ్మేస్తానన్నావు. అమ్మినా ఎస్ఆర్-22 తప్పదు. అప్పుడు సొంత కారు లేనివాళ్లకిచ్చే నాన్-ఓనర్ పాలసీ తీసుకోవాలి, అది చవక. కానీ రూమ్మేట్ కారు రోజూ వాడుకుందామనుకుంటే అది సాధారణంగా వర్తించదు. ఒకే ఇంట్లో ఉండి నీకు ఎప్పుడూ అందుబాటులో ఉండే కారుని ఆ పాలసీల్లోంచి మినహాయిస్తారు.

సర్టిఫికెట్ చేరాక డీపీఎస్‌కి 100 డాలర్ల ఫీజు కట్టి, వాళ్ల వెబ్‌సైట్‌లో నీ స్టేటస్ ఎలిజిబుల్ అని వచ్చేదాకా ఆగు. ఏజెంట్ పంపేశాం అన్నాడని బండి తీయకు. సస్పెన్షన్‌లో నడిపితే అది వేరే కేసు. ఆ కొన్నాళ్లు ఆరెంజ్ లైన్ రైలు ఎక్కు, మీ ఇర్వింగ్‌లో ఆ సౌకర్యమైనా ఉంది.

నేను రెండోసారి దెబ్బతిన్నది ఇక్కడే, జాగ్రత్తగా చదువు. ఎస్ఆర్-22 శిక్ష పడిన తేదీ నుంచి 2 ఏళ్లు తెగకుండా ఉండాలి. పాలసీ ఆగితే కంపెనీయే డీపీఎస్‌కి కబురు పంపుతుంది, లైసెన్స్ మళ్లీ పోతుంది. నేను ఏడాది బాగానే కట్టి, నెలకి నలభై డాలర్లు మిగులుతాయని కంపెనీ మారాను. పాతది శుక్రవారం ఆపించాను, కొత్తది సోమవారం మొదలైంది. ఆ వారాంతానికి మళ్లీ సస్పెన్షన్, మళ్లీ ఫీజు, మీ అత్తయ్య దగ్గర చీవాట్లు. కంపెనీ మారకూడదని కాదు, కొత్తవాళ్లు సర్టిఫికెట్ పంపి డీపీఎస్ రికార్డులో ఎక్కాకే పాతది ఆపు. కుదిరితే ఆరు నెలలదీ ఒకేసారి కట్టెయ్, ఆటోపేని నమ్ముకోకు. ఉద్యోగం వేరే రాష్ట్రానికి మారినా టెక్సస్ గడువు అయ్యేదాకా దీన్ని ఆపకూడదు. గడువు తీరాక నువ్వే ఫోన్ చేసి తీయించుకోవాలి, వాళ్లంతట వాళ్లు గుర్తుపెట్టుకుని తీయరు.

శిక్ష పడిన తేదీ కోర్టు కాగితంలో ఉంటుంది, ఈ రాత్రే దాని ఫోటో పంపు. శనివారం హ్యూస్టన్ నుంచి నేనే వస్తాను. ఏజెంట్ దగ్గరికి కలిసి వెళ్దాం, అటునుంచటే సరుకులు కూడా తెచ్చుకుందాం. మీ అత్తయ్య గోంగూర పచ్చడి పంపుతానంటోంది, ఖాళీ సీసాలు దాచి ఉంచు.

మీ మావయ్య