పొట్టి రన్‌వే మీద దిగాలంటే టెన్షన్

ప్రశ్న: సెస్నా 172 అనే చిన్న విమానం మీద పైలట్ శిక్షణలో ఉన్నాను. పొడవాటి రన్‌వేపై బాగానే దిగుతాను. పొట్టి రన్‌వే అయితే మాత్రం అనుకున్న చోటు దాటిపోతున్నాను. ఎందుకు?

జవాబు: భయంతో ఐదారు నాట్లు (విమాన వేగానికి కొలత) ఎక్కువ వేగం పెట్టుకుంటున్నారని నా అనుమానం. నేర్చుకునే రోజుల్లో నేనూ అదే చేశాను. విమానం నేలను తాకకుండా తేలుతూ పోయేది, రన్‌వే చివర దగ్గరవుతుంటే గుండె ఝల్లుమనేది. వేగం 10 శాతం పెరిగితే ఆపాల్సిన శక్తి 21 శాతం పెరుగుతుంది. సెస్నా 172లో ఒక మోడల్ అయిన 172ఎస్ మాన్యువల్‌లో, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) పూర్తిగా దించి పొట్టి రన్‌వేపై దిగేటప్పుడు చెప్పిన వేగం 61 నాట్లు. మీ విమానం మాన్యువల్ అంకె చూసి, దాన్నే పట్టుకోండి.

ఇక చూపు సంగతి. రన్‌వే మీద దిగాలనుకున్న గుర్తు విమానం ముందు అద్దంలోంచి చూస్తే కదలకుండా ఉండాలి. అది కిందికి జారుతుంటే మీరు దాటిపోతున్నట్టు, పైకి పోతుంటే ముందే నేలకు చేరుతున్నట్టు. దీన్ని కళ్లకు అలవాటు చేయడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.

వెనకగాలి ఉంటే పొట్టి రన్‌వేపై దిగొద్దు. చక్రాలు ఎక్కడ తగలాలో ముందే ఒక హద్దు పెట్టుకోండి. అది దాటితే వెంటనే పూర్తి పవర్ ఇచ్చి పైకి లేవండి. ముందు పొడవాటి రన్‌వే మీదే, ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా, ఆ హద్దుతో సాధన చేయండి.