‘ఆఫ్రికా సామెత’ అని కనిపిస్తే ముందు ఏ భాషదో అడగండి

మీ అమ్మాయికి స్కూల్లో ‘ప్రపంచ దేశాల సామెతలు’ అని ప్రాజెక్టు ఇచ్చారనీ, నెట్‌లో ‘చైనా సామెత’, ‘ఆఫ్రికా సామెత’ అంటూ దొరికేవాటిలో ఏవి నిజమో తేలడం లేదనీ రాశారు. నన్నడిగితే, వెతకగానే మొదట కనిపించేవాటిని పక్కన పెట్టేయండి. బాగా తిరిగినవాటిలోనే నకిలీలు ఎక్కువ.

ఇది ఎలా తెలిసిందో చెబుతాను. మాది హైదరాబాద్‌లోని తార్నాక. ఇటు ఉస్మానియా యూనివర్సిటీ, అటు ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ. మేడ మీది రెండు గదులు చాలా ఏళ్లుగా బయటి దేశాల నుంచి వచ్చి చదువుకునే పిల్లలకే అద్దెకిస్తున్నాం. నేను తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను, సామెతలంటే పిచ్చి. అద్దె ఇవ్వడానికి కిందికి దిగినవాళ్లను టీ ఇచ్చి కూర్చోబెట్టి, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏం సామెతలు చెప్పేవారని పీక్కు తింటాను. బాడుగ కంటే సామెతలే ఎక్కువ వసూలు చేశారని మా ఆవిడ ఎత్తిపొడుస్తూ ఉంటుంది.

‘వేగంగా వెళ్లాలంటే ఒంటరిగా వెళ్లు, దూరం వెళ్లాలంటే కలిసి వెళ్లు’ అనేది మీరూ చూసే ఉంటారు. హైటెక్ సిటీ ఆఫీసుల్లో ఈ మాట గోడల మీద రాసుకుంటారు, కింద ‘ఆఫ్రికా సామెత’ అని ఉంటుంది. మా మేడ మీదున్న కెన్యా అబ్బాయిని అడిగితే పకపకా నవ్వాడు. వాళ్ల అమ్మమ్మ నోట ఎన్నడూ వినలేదట, లింక్డ్‌ఇన్‌లో చూశాడట! 2007లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంటూ అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ తన ఉపన్యాసంలో దీన్ని ఆఫ్రికా సామెతగానే చెప్పాడు, అప్పటి నుంచి ఇంకా పాకిపోయింది. ఏ భాషలో పుట్టిందో మాత్రం ఎవరూ తేల్చలేదు. ఆ ఖండంలో దాదాపు రెండు వేల భాషలున్నాయి. ‘ఆడలేక మద్దెల ఓడు’ కింద ఎవరైనా ‘ఆసియా సామెత’ అని రాస్తే మనం ఊరుకుంటామా?

‘పిల్లను పెంచాలంటే ఊరంతా కావాలి’ అన్నదాని సంగతీ అంతే. 1996లో హిల్లరీ క్లింటన్ పుస్తకానికి అదే పేరు కావడంతో లోకమంతా తెలిసింది. అచ్చంగా ఆ మాటలతో ఫలానా భాషలో ఉందని చూపించలేం కానీ, ఆ భావం తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలీలో ఉంది: ‘మ్‌కోనో మ్‌మోజా హౌలెయి మ్వానా’, అంటే ఒంటి చెయ్యి బిడ్డను పెంచలేదు. ప్రాజెక్టులో దీన్ని పెట్టండి. పేరున్న భాష, పలికి చూపించగల మాట.

ఆ కెన్యా అబ్బాయి చెప్పిన మరో స్వాహిలీ సామెత మన హైదరాబాద్‌లో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. ‘హరకా హరకా హైనా బరకా.’ తొందర తొందరగా చేస్తే బర్కత్ ఉండదు, అంటే కలిసిరాదు. చిన్నప్పుడు స్కూలుకు ఆలస్యమవుతోందని గబగబా తింటుంటే వాళ్లమ్మ ఇదే అనేదట. నాకు ఇలాంటి వివరమే కావాలి. సామెత ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటారో చెప్పగలిగితే అది వాడుకలో ఉన్నట్టే. పోస్టరు మీది మాటకు ఆ సందర్భం దొరకదు.

చైనా పేరు మీద మోసాలు ఇంకా పాతవి. ‘నువ్వు ఆసక్తికరమైన కాలంలో (అంటే కల్లోలంలో) బతుకుదువు గాక’ అనే శాపాన్ని 1936లో బ్రిటిష్ నాయకుడు ఆస్టిన్ ఛాంబర్లేన్ ఒక ఉపన్యాసంలో చైనాదని చెప్పాడు. చైనా భాషలో అలాంటి శాపమే దొరకలేదు. దగ్గరగా ఉన్నది వేరు: కల్లోలంలో మనిషిగా పుట్టేకన్నా శాంతికాలంలో కుక్కగా బతకడం మేలు. నాకైతే ఇదే నచ్చింది, దీంట్లో బాధ ఉంది. ‘ఒక్క బొమ్మ వెయ్యి మాటల పెట్టు’ అన్నదానికి చైనా ముద్ర వేసింది 1920లలో ఫ్రెడ్ బర్నార్డ్ అనే అమెరికా ప్రకటనల వ్యాపారి. చైనా సామెతంటే జనం పట్టించుకుంటారని!

అసలైన చైనా సరుకు కావాలంటే బావిలో కప్ప ఉంది. రెండు వేల ఏళ్లకు పైబడిన, చైనా తత్వవేత్త చువాంగ్ త్జు రచనలో సముద్రం సంగతి ఎరగని కప్ప కథ వస్తుంది, జపాన్‌లో ఇప్పటికీ అది సామెత. మనకు కూపస్థ మండూకం ఎలాగూ ఉంది.

దేశానికో పేజీ అని పంచకండి, చప్పగా ఉంటుంది. ఒక్క విషయం తీసుకుని నాలుగు భాషలవాళ్లు ఏమన్నారో పక్కపక్కన పెట్టించండి. పెద్దవాళ్ల గొడవలో చిన్నవాళ్లు నలగడం చూడండి. స్వాహిలీలో ఏనుగులు కొట్లాడితే గడ్డి నలుగుతుంది. మా మేడ మీదే ఉండి వెళ్లిన కొరియా అమ్మాయి చెప్పింది, వాళ్ల దగ్గర తిమింగలాలు పోట్లాడుకుంటే రొయ్య వీపు పగులుతుందట. మన దగ్గర ఆంబోతులు పోట్లాడితే లేగల కాళ్లు విరుగుతాయి. ఎవరి కళ్లెదుట ఉన్న జంతువు వాళ్ల సామెతలోకి వచ్చింది. అలాగే మనం మద్దెలను తిడితే, పాతబస్తీలో ‘నాచ్ న జానే, ఆంగన్ టేఢా’ అని వాకిలి వంకరంటారు. పోలండ్‌లో ఆడలేని నర్తకికి లంగా అంచు అడ్డొస్తుంది. పిల్లలు ఈ మూడింటికీ బొమ్మలు గీయొచ్చు. ‘ఆలస్యం అమృతం విషం’, ‘నిదానమే ప్రధానం’ రెండూ ఒకే పేజీలో పెట్టినా బాగుంటుంది. టీచరు అడిగితే మన అమ్మమ్మలు రెండూ అనేవారని చెప్పమనండి.

ఒక్క జాగ్రత్త. పాత సంకలనాల నుంచి తీసుకుంటే మీరు ముందు చదివి ఇవ్వండి. 1868లో మద్రాసులో కెప్టెన్ కార్ అచ్చువేసిన తెలుగు సామెతల సంకలనం అమూల్యమైనది, కానీ కులాలనూ ఆడవాళ్లనూ కించపరిచేవి అందులో చాలానే ఉన్నాయి. ఏ భాష సంకలనమైనా అంతే, మనమొక్కళ్లమే కాదు.

అట్ట మీదకు రెండు చాలు. నైజీరియాలోని ఇగ్బో వాళ్లు సామెత అనే పామాయిల్‌తో మాటలను తింటామంటారు. మనం ‘సామెత లేని మాట ఆమెత లేని ఇల్లు’ అంటాం, ఆమెత అంటే విందు. ఇద్దరికీ తిండే గుర్తొచ్చింది.

వీలైతే పాతకాలపు ఐరోపా చిత్రకారుడు బ్రూగల్ 1559లో వేసిన సామెతల చిత్రం కూడా పెట్టండి. అసలుది బెర్లిన్‌లో ఉంది, నెట్‌లో పెద్ద సైజులో దొరుకుతుంది. ఒకే ఊరి బొమ్మలో నూరుకు పైగా డచ్చి సామెతలు దాచాడు. ఒకడు గోడకు తల బాదుకుంటుంటాడు, ఇంకొకడు దూడ మునిగి చచ్చాక గొయ్యి పూడుస్తుంటాడు. ఆ రెండోవాడి పక్కన మీ అమ్మాయి చేత ‘చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు’ అని రాయించండి. కలర్ జిరాక్స్ మాత్రం ఏ-3లో తీయించండి, ఏ-4లో మనుషులు ఆనరు.